అమ్మిన సైకిల్‌ను తక్కువ ఖర్చుతో పంపడం: నా అనుభవం

ఏడేళ్లు నడిపిన నా రోడ్ సైకిల్‌ను దూరప్రాంతంలో ఉన్న ఒకరికి అమ్మాను. ధర మాట్లాడుకునేటప్పుడే రవాణా ఖర్చు నేను భరిస్తానని చెప్పాను. సైకిల్ తూకం 11 కిలోలు దాటదు కాబట్టి, అంతే బరువున్న పుస్తకాల పెట్టెకు అయ్యేంత ఖర్చే దీనికీ అవుతుందని అనుకున్నాను. బేరం కుదిరిన మర్నాడు కొరియర్ కార్యాలయంలో చెప్పిన మొత్తం విన్నాక, వచ్చిన డబ్బులో దాదాపు మూడో వంతు దారి ఖర్చులకే పోతుందని తేలింది. రవాణాకు ఎంతవుతుందో ముందుగా కనుక్కొని, ఆ తర్వాతే సైకిల్ ధర చెప్పి ఉండవలసింది. అయినా ఇచ్చిన మాటను మార్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఆ ఖర్చును ఎలా తగ్గించాలన్న దాని మీదే దృష్టి పెట్టాను.

అంత ధర ఎందుకని అడిగితే, అక్కడి ఉద్యోగి ఓపికగా లెక్క వేసి చూపించారు. సైకిల్ దుకాణం నుంచి నేను తెచ్చుకున్న ఖాళీ అట్టపెట్టె 140 సెంటీమీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంది. ఈ మూడింటినీ గుణించి 5000తో భాగిస్తే 44.8 వస్తుంది. పెట్టెతో కలిపి అసలు తూకం 15 కిలోలే అయినా, పార్సిల్ ఆక్రమించే చోటును బట్టి దానిని 44.8 కిలోలుగా లెక్కగడతారు. వాల్యూమెట్రిక్ బరువు అని పిలిచే ఈ లెక్కకూ అసలు తూకానికీ మధ్య ఏది ఎక్కువైతే దానికే రుసుము వేస్తారు. భాగించే సంఖ్య కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. 6000తో భాగించే చోట అదే పెట్టె 37.3 కిలోలే అవుతుంది, 4000తో భాగించే చోట 56 కిలోలవుతుంది. అందువల్ల ఆ తర్వాత ఏ సంస్థకు ఫోన్ చేసినా కిలో ధర కంటే ముందు ఈ సంఖ్యనే అడిగాను.

పరిమాణం విషయంలో మరొక అడ్డంకి ఉంది. పొడవుకు, పెట్టె చుట్టుకొలతను అంటే ఎత్తు, వెడల్పుల మొత్తానికి రెండింతలను కలిపితే 300 సెంటీమీటర్లు మించకూడదని ఒక సంస్థ షరతు పెట్టింది. నా పెట్టె లెక్క 340 వచ్చింది. ధర తగ్గాలన్నా, పార్సిల్‌ను అసలు తీసుకోవాలన్నా పెట్టెను చిన్నది చేయక తప్పదని అప్పుడు స్పష్టమైంది.

సాధారణంగా ముందు చక్రం, పెడళ్లు, సీటు తీసి, హ్యాండిల్ పక్కకు తిప్పితే సైకిల్ పెద్ద పెట్టెలో సరిపోతుంది. నేను వెనక చక్రాన్ని కూడా తీసి, రెండు చక్రాలనూ ఫ్రేమ్‌కు ఇరువైపులా ఆనించి, హ్యాండిల్‌ను పూర్తిగా విప్పి ఫ్రేమ్‌కు కట్టాను. పెడళ్లకు 15 మిల్లీమీటర్ల స్పానర్ కావాలి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది కాబట్టి మామూలు బోల్టులా తిప్పితే అది ఇంకా బిగుసుకుంటుంది. స్పానర్‌ను పైకి నిలిపి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్లూ వదులవుతాయని గుర్తుంచుకుంటే చాలు. వెనక గేర్లు మార్చే డిరేలియర్‌ను విప్పి, గుడ్డలో చుట్టి, ఫ్రేమ్ లోపలి వైపుకు కట్టాను. పెట్టె మీద ఏదైనా పడితే ముందుగా వంగేది దాన్ని పట్టి ఉంచే హ్యాంగరే. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ కొనలు, చక్రం లేనప్పుడు ఒత్తిడికి దగ్గరకు నొక్కుకుపోకుండా, ఇరుసు ఉండవలసిన చోట 100 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్కను బిగించాను. కొత్త సైకిళ్లతో వచ్చే ఈ ముక్కలను దుకాణాల్లో పారేస్తుంటారు, అడిగితే ఇస్తారు. ఆ తర్వాత పెట్టెను కోసి, మడిచి, 115, 70, 22 సెంటీమీటర్లకు తెచ్చాను. పొడవు, చుట్టుకొలతల మొత్తం 299కి, 5000 లెక్కన బరువు 35.4 కిలోలకు దిగింది. ఈ పనికి ఒక సాయంత్రమంతా పట్టింది, కానీ మొత్తం ప్రయత్నంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చినది ఇదే.

ఆ కొలతలతో మళ్లీ ధరలు అడిగితే మొదటిదాని కంటే అయిదో వంతు తగ్గాయి. ఇంకా తగ్గే మార్గం కోసం చూస్తే, ఇంటికి వచ్చి తీసుకెళ్లడానికీ, అవతల ఇంటికి చేర్చడానికీ అయ్యే ఖర్చు కూడా ఆ ధరలోనే కలిసి ఉందని తెలిసింది. నేను పెట్టెను సరుకు రవాణా సంస్థ గోదాముకు తీసుకెళ్లి అప్పగిస్తే, అవతలి గోదాములో కొన్నవారే తీసుకోగలరా అని ఆయనను అడిగాను. అది తన ఇంటికి దగ్గరేనని ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. అలా పంపితే రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది, కానీ ఖర్చు మొదట విన్న మొత్తంలో సగానికంటే తక్కువకు వచ్చింది.

బీమాను మాత్రం వదులుకోలేదు. ప్యాకింగ్ సరిగా లేదన్న కారణంతో పరిహారం నిరాకరించే అవకాశం ఉంటుంది కాబట్టి, కట్టిన ప్రతి దశలోనూ, పెట్టె మూసిన తర్వాత నాలుగు వైపులా ఫోటోలు తీసి ఉంచుకున్నాను. విలువగా నేను అమ్మిన ధరనే రాయించాను. ఫ్రేమ్ మీద ఉండే సీరియల్ నంబరును కొన్నవారికి ముందే పంపాను.

ఆరో రోజున పెట్టె చేరింది. ఒక మూల నలిగినా లోపల గీత కూడా పడలేదని ఆయన ఫోన్‌లో చెప్పారు. గంట తర్వాత మళ్లీ ఫోన్ చేసి, పెడల్ ఎక్కడం లేదని, బలం పెట్టి బిగించాలా అని అడిగారు. బలవంతం చేస్తే పెడల్ బిగించే అల్యూమినియం కాడలో, అంటే క్రాంక్‌లో, మర చెడిపోతుంది కాబట్టి ఆపమని, పెడల్ ఇరుసు చివర ఎల్, ఆర్ అక్షరాలు ఉంటాయని, ఎల్ ఉన్నది ఎడమ వైపుదని చెప్పాను. పెడళ్లను మార్చి చూస్తే రెండూ చేత్తోనే ఎక్కాయి. డిరేలియర్‌కు చిన్న చీటీ కట్టిన నేను పెడళ్లకు కట్టడం మరిచిపోయాను.