నీళ్లొచ్చే వేళ

మద్రాసులో మన తరగతిలో మొదటి పీరియడ్‌కి ఆలస్యంగా వచ్చేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. కారణం అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "నీళ్లొచ్చాయండీ." మగపిల్లల నోట ఆ మాట విన్న గుర్తు లేదు. వాళ్లు చెప్పే సాకులు వేరు. ఆడవాళ్ల చదువుల గురించి, ఉద్యోగాల గురించి ఈ సంచికలో చాలామంది రాస్తారు కనుక నేను బిందె గురించి రాస్తాను.

మద్రాసు ప్లాస్టిక్ బిందెలో సుమారు 15 లీటర్లు పడతాయి. చంకనెత్తుకుంటే 15 కిలోలు, అదీ ఒంటికి ఒకే పక్కన. అయిదుగురున్న ఇంటికి రోజుకి 12 బిందెలు పట్టారనుకోండి, 180 లీటర్లు. మనిషికి 36. మురుగుకాలువల ఏర్పాటున్న నగరంలో మనిషికి 135 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వ ప్రమాణం. ఆ 36 కోసమే రోజూ 180 కిలోలు మోయాలి. మేడమీద వాటా అయితే మెట్లు అదనం.

కృష్ణా, గుంటూరు, నెల్లూరు వైపు నుంచి వచ్చిన అమ్మమ్మలకి గిలక, చేద, చాంతాడు కొత్త కాదు. మంచినీళ్లకీ ఉప్పునీళ్లకీ వేర్వేరు బిందెలు పెట్టుకోవడం మాత్రం ఇక్కడే నేర్చుకున్నారు. సముద్రం పక్కన బావి ఎంత తోడితే ఉప్పు అంత లోపలికి జరుగుతుంది. ఆ నీళ్లలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. వంటకి కొళాయి, గిన్నెలకి బావి.

అమ్మల తరానికి అడిపంపు వచ్చింది. వీధి గొట్టంలో ఒత్తిడి చాలక నీళ్లు కొళాయిదాకా ఎక్కవు కాబట్టి, ఆ గొట్టానికే చేతిపంపు బిగించి లాగడం. లోపలి తోలు వాషరు ఎండితే ముడుచుకుపోయి గాలి వదిలేస్తుంది. పైనుంచి చెంబెడు నీళ్లు పోసి, కాస్త నాననిచ్చి కొట్టాలి. పిడి మరీ తేలిగ్గా ఆడుతూ నీళ్లు జారిపోతుంటే వాషరు అరిగినట్టు. మొదటి రెండు బిందెలూ వంటకి పనికిరావు. లాగుతున్నప్పుడు గొట్టం పగుళ్లలోంచి పక్కనున్న మురుగు కూడా వస్తుంది, అందుకే రంగు చూసి ఊరుకోకుండా వాసన చూస్తారు. వీధిలో ఎవరైనా దొంగచాటుగా మెయిన్ లైనుకి మోటారు తగిలిస్తే మిగతా ఇళ్ల పంపులన్నీ గాలే కొడతాయి, ఆ మోటారు ఎవరిదో కనిపెట్టేదీ అమ్మలే. ఇదే పని జీతానికి చేస్తే ప్లంబరు అంటాం.

మోతకన్నా కాపలా బరువు. నీళ్లు తెల్లవారుజామున నాలుగింటికి రావచ్చు, అర్ధరాత్రి రావచ్చు, ఒక్కోసారి రోజు విడిచి రోజు. వేళ తెలియని పని ఇంట్లో ఉన్న మనిషి ఎనిమిదింటి షిఫ్టుకి ఒప్పుకోలేదు. అందుకే ఆ తరంలో ఎందరో కుట్టుమిషన్, అప్పడాలు, ట్యూషన్లతో సరిపెట్టుకున్నారు, మధ్యలో లేచి వెళ్లొచ్చే పనులు కదా. "ఆవిడకి ఉద్యోగం మీద ఆసక్తి లేదు" అన్నారు చుట్టాలు. ఆ మాట నాకెప్పుడూ మింగుడుపడలేదు.

అమ్మమ్మలు వదిలివచ్చిన కృష్ణ నీళ్లు 1996లో మద్రాసు దగ్గరి పూండి జలాశయానికి చేరాయి. ఆంధ్ర, తమిళనాడుల 1983 నాటి ఒప్పందం ప్రకారం ఏడాదికి 12 టీఎంసీలు రావాలి. ఆ లెక్క నిండని ఏళ్లే ఎక్కువ. 2003 కరువులో ఇంటింటికీ వాననీటి గుంటలు తప్పనిసరి చేశారు. 2019లో జోలార్‌పేట నుంచి రైల్లో, 50 వ్యాగన్లలో, విడతకి 25 లక్షల లీటర్లు తెచ్చారు.

ఇప్పటి అపార్ట్‌మెంట్లలో బిందె లేదు, సంపు ఉంది. 12,000 లీటర్ల లారీ పిలిచేముందు సంపులో చోటెంతుందో కర్రపెట్టి కొలవాలి, లేకపోతే పొర్లిపోయిన నీళ్లకీ డబ్బు కట్టాలి. సంపులో గొట్టం అడుగునుండే ఫుట్ వాల్వులో చెత్త ఇరుక్కుంటే మోటారు గాలి లాగుతుంది, నీళ్లు లేకుండా తిరిగితే వైండింగు కాలుతుంది. అసోసియేషన్ సమావేశంలో లారీల ఖర్చు గురించి మాట్లాడేది మగవాళ్లు, మోటారు ఆపమని గుర్తుచేసేది ఆడవాళ్లు. అదే 2019లో దేశమంతా జరిగిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. చేసే మగవాళ్లు 97. ఇంటిపని చేసే ఆ కొద్దిమంది మగవాళ్లని మాత్రమే లెక్కలోకి తీసుకున్నా ఇంత తేడా.

మన తరం ఆడవాళ్లు ఆఫీసుకి వేళకి వెళ్తున్నారు, నిజమే. పనిమనిషి ఆరున్నరకి వస్తోంది కాబట్టి వెళ్తున్నారు. ఆమె వీధిలో ఇప్పటికీ లారీయే. మూలనున్న సింటెక్స్ ట్యాంకు నిండేవేళకి బిందె వరసలో ఉండాలి, లేదంటే మళ్లీ వచ్చేదాకా నీళ్లు లేవు. ఆలస్యమైతే జీతం కోసే ఇళ్లు మనలోనూ ఉన్నాయి. లారీ వచ్చే రోజులు అడిగి క్యాలెండర్లో రాసుకుంటే ఆ రోజు గిన్నెలు తొమ్మిదింటికి తోముకోవచ్చు, లేదా ముందురోజు రాత్రే మనం తోమి పెట్టుకోవచ్చు. లారీ రోజున కూడా ఆమె సరిగ్గా ఆరున్నరకే వచ్చిందంటే, అక్కడ ట్యాంకు దగ్గర వరసలో బడి బట్టలేసుకుని కూతురు నిలబడి ఉంటుంది.