నలభై సెకన్లు, గంటా ఐదు నిమిషాలు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున ఇస్త్రీ బండి దగ్గర ఆగాను. రెండు చొక్కాలు, ఒక చీర. చిల్లర లెక్క తేలేసరికి కొంచెం ఆలస్యమైంది. అయినా లోకల్ రైలు కోసం హైదరాబాద్‌లోని హఫీజ్‌పేట స్టేషన్‌కి నింపాదిగానే నడిచాను. మెట్లు దిగుతుంటే గార్డు పెట్టె ప్లాట్‌ఫామ్ చివర దాటిపోతూ కనిపించింది. బండి సరిగ్గా టైముకే వచ్చింది, టైముకే పోయింది. తప్పు నూటికి నూరు పాళ్ళూ నాదే, మహా అయితే నలభై సెకన్లు. సరేలే అనుకుని బెంచీ మీద కూర్చుని ఫోను తీశాను. పక్కన పల్లీలమ్మే ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, "లక్డీకాపూల్ దిక్కా? ఇగ గంట దాకా లేదన్నా" అన్నాడు.

గంటా ఐదు నిమిషాలని తర్వాత తేలింది.

నేనంత ధీమాగా ఎందుకు కూర్చున్నానంటే, పదకొండేళ్ళ బొంబాయి అలవాటు. మాది సిరిసిల్ల. మా చిన్నబాపు, అంటే బాబాయి, చిన్న వయసులోనే బొంబాయి దగ్గరి భివండీ పోయి సాంచాలు (మరమగ్గాలు) నడిపినవాడు. నా బీకాం అయ్యాక నన్ను కూడా అక్కడికే పిలిపించి, ఫోర్ట్ ఏరియాలో లెక్కలు రాసే ఉద్యోగం చూపించాడు. డోంబివిలిలో గది. అక్కణ్ణుంచి ఫోర్ట్ దగ్గరి పెద్ద స్టేషన్ సీఎస్‌టీ నలభై ఎనిమిది కిలోమీటర్లు, ఫాస్ట్ లోకల్‌లో గంట పైచిలుకు. మొదటి రోజు బండి కదులుతుంటే నేను ఉరకబోతే చిన్నబాపు చొక్కా పట్టుకుని ఆపాడు. "ఉరకకురా. నాలుగు నిమిషాలల్ల ఇంకోటొస్తది."

నిజంగానే వచ్చింది. అది కూడా నిండుగానే ఉంది, అది వేరే సంగతి. ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగోవాడు సగం పిరుదు ఆనించి కూర్చుంటాడు చూశారా, ఆ చోటుని అక్కడ 'చౌథీ సీట్' అంటారు. ఆ చౌథీ సీట్ దొరకడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఒక కాలిగోరంత చోటు. ఠాణె వచ్చేసరికి తొడ తిమ్మిరెక్కేది. అదే మహాప్రసాదం అనుకునేవాణ్ణి.

బొంబాయి లోకల్ టైముకి నడుస్తుందని బయటివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. అక్కడ రోజూ ఎక్కేవాణ్ణి అడగండి. వానాకాలంలో సయన్, కుర్లా దగ్గర పట్టాల మీద నీళ్ళు నిలిస్తే అంతే సంగతులు. ఆదివారం వస్తే మెగాబ్లాక్, మరమ్మతుల కోసం కొన్ని గంటలు లైన్లు మూస్తారు. మామూలు రోజుల్లో కూడా ఐదూ పది నిమిషాలు అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. కానీ ఆ ఆలస్యం మనకి తగలదు. 8.14 లోకల్ ఎనిమిది నిమిషాలు లేటైతే, దాని వెనక రావలసిన బండి పేరు మార్చుకుని వచ్చినట్టే. మనం ఎక్కేది ఏదో ఒకటి ఎక్కుతాం. బోర్డు మీద చూసుకునేది కూడా ఎన్ని డబ్బాలు, ఫాస్టా స్లోనా, ఎన్ని నిమిషాలు, ఇంతే.

నమ్మకం అంటే టైముకి రావడం కాదని నాకు హఫీజ్‌పేట బెంచీ మీద అర్థమైంది. ఒకటి తప్పితే ఇంకోటి ఉండాలి. ఇక్కడ బండి నిక్కచ్చిగా వచ్చినా, నేను నలభై సెకన్లు తప్పితే నా పొద్దు మొత్తం పోయింది. ఆఫీసులో మా సారుకి ఇస్త్రీ కథ చెప్పలేను కదా!

ఇక్కడి లోకల్ రైలు, ఎంఎంటీఎస్, 2003 ఆగస్టు 9న మొదలైంది. కొత్త పట్టాలు వేసి కట్టింది కాదది, ఉన్న రైల్వే లైన్ల మీదే నడిపిస్తున్నది. లింగంపల్లి నుంచి బేగంపేట మీదుగా వచ్చే లైనే వికారాబాద్, ముంబై వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌లకి కూడా దారి. రెండు పట్టాల మీద అందరూ సర్దుకోవాలంటే లోకల్‌కి దొరికేది మిగిలిన సందే. డోంబివిలి వైపు కూడా ఈ గొడవ ఉండేది, కానీ ఠాణె, దివా మధ్య ఐదో లైను, ఆరో లైను 2022లో పూర్తయ్యాయి.

ఇందులో నా పాపం కూడా కొంత ఉంది. బొంబాయి నుంచి సెలవులకి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాణ్ణి. లింగంపల్లి దగ్గర మా బండి ముందు కదిలితే, పక్కన ఆగి ఉన్న లోకల్‌లో జనం కిటికీల్లోంచి మమ్మల్ని చూసేవాళ్ళు. హమ్మయ్య, మనకే సిగ్నల్ ఇచ్చారు అని సంబరపడేవాణ్ణి. ఇప్పుడు నేను ఆ కిటికీలో ఉన్నాను.

అట్లాగని వదిలేయలేను. టికెట్ ఐదు రూపాయల నుంచి మొదలు. బండి దొరికిన రోజు భరత్‌నగర్, నేచర్ క్యూర్, నెక్లెస్ రోడ్ అన్నీ చకచకా దాటిపోతాయి. కింద రోడ్డు మీద బస్సులు చీమల్లా పాకుతుంటాయి. కరోనాకి 2020 మార్చిలో ఆగిన బండ్లు మళ్ళీ 2021 జూన్‌లో గానీ కదలలేదు. ఆ పదిహేను నెలలు బస్సులో తిరిగినవాణ్ణి, తేడా నాకు తెలుసు. తర్వాత మేడ్చల్, ఉందానగర్, ఘట్‌కేసర్ దాకా కూడా పొడిగించారు. మంచిదే. నాకైతే పొడుగు కన్నా దగ్గరదగ్గరగా వచ్చే బండ్లు కావాలి.

దసరాకి చిన్నబాపు వచ్చాడు. డెబ్బై దాటాయి, నడక మాత్రం తగ్గలేదు. నాంపల్లిలో చుట్టాలని చూడాలన్నాడు. పదకొండింటికి స్టేషన్‌కి తీసుకెళ్ళాను. బెంచీ మీద కూర్చుని మెడ చాచి పట్టాల వైపు చూసి అడిగాడు, "ఎన్ని డబ్బాల బండిరా?"

"డబ్బాల సంగతేమో గానీ యాభై నిమిషాలుంది, చిన్నబాపూ."

ఏదో పరాచికం ఆడుతున్నాననుకున్నాడు. నా మొహం చూశాక చేతిసంచి భుజానికేసుకుని లేచాడు. "అయితే ఇంటికి పోయి తినొద్దాం పా. నీ పెండ్లాం పప్పుచారు పెట్టింది గదా."

వెళ్ళి తిని వచ్చాం. అప్పటికింకా పన్నెండు నిమిషాలుంది.