మనం తొందరగా వచ్చామా, ఆలస్యంగా వచ్చామా?

విశ్వంలో తెలివైన జీవుల వరసలో మనం ఎక్కడున్నాం అని వెతికితే రెండు అంకెలు ఎదురవుతాయి. భూమి లాంటి గ్రహాల్లో 80 శాతం మనకన్నా ముందే పుట్టాయనేది ఒకటి. 92 శాతం మన తర్వాతవేననేది రెండోది. చూడగానే ఏదో ఒకటి తప్పనిపిస్తుంది. కానీ రెండూ 2015లో పీటర్ బెహ్రూజీ, మాలీ పీపుల్స్ రాసిన ఒకే పరిశోధన పత్రంలోవి. ఇప్పటిదాకా పుట్టిన గ్రహాలను మాత్రమే లెక్కేస్తే మనం వెనకబెంచీ. గెలాక్సీల్లో మిగిలిన వాయువు నుంచి ఇక ముందు పుట్టబోయేవాటినీ కలిపితే ముందువరస. ఈ వాదనలో జరిగే గందరగోళం చాలావరకు ఏ వరస గురించి మాట్లాడుతున్నామో చెప్పకపోవడం వల్లనే.

ముందు గడిచిన కాలం సంగతి. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్ళు, సూర్యుడిది సుమారు 457 కోట్లు. విశ్వంలో నక్షత్రాలు అన్నిటికన్నా జోరుగా పుట్టింది సుమారు 1000 కోట్ల ఏళ్ళ క్రితం, ఇప్పుడు ఆ జోరులో సుమారు పదో వంతే ఉంది. రాతి గ్రహానికి కావలసిన సిలికాన్, ఇనుము, ఆక్సిజన్ అప్పటికి తయారు కాలేదేమో అని కొందరు అంటారు. ఇనుములో పెద్ద భాగం తెల్ల మరుగుజ్జుల (ఇంధనం అయిపోయిన నక్షత్రాల శేషాల) పేలుళ్ళ నుంచి వస్తుంది కాబట్టి అది ఆలస్యమైన మాట నిజం. కానీ జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు కనిపెట్టిన జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీలో ఆక్సిజన్ ఉందని 2025లో ఆల్మా టెలిస్కోపు తేల్చింది. ఆ వెలుగు బయల్దేరేనాటికి విశ్వం వయసు 30 కోట్ల ఏళ్ళ లోపే. ఇక కెప్లర్-444 అనే నక్షత్రం వయసు సుమారు 1120 కోట్ల ఏళ్ళు. సూర్యుడిలో ఉన్నంత ఇనుము దానిలో లేదు, అయినా భూమికన్నా చిన్నవి ఐదు గ్రహాలు దాని చుట్టూ తిరుగుతున్నాయి. గురుడి లాంటి పెద్ద గ్రహాలకు లోహాలు బాగా కావాలి, చిన్నవాటికి అంత పట్టింపు లేదు. కాబట్టి "సరుకు లేక ఆలస్యమైంది" అనే వాదన నాకు బలహీనంగానే కనిపిస్తుంది.

గడియారం అసలు ఎప్పుడు మొదలైందో, అంటే తొలి నక్షత్రాలు ఎప్పుడు వెలిగాయో పట్టుకునే పని బెంగళూరులోనే జరుగుతోంది. సదాశివనగర్‌లోని రామన్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ 'సరస్' రేడియో పరికరం చేసేది అదే. హైడ్రోజన్ పరమాణువు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగం పలుకుతుంది. విశ్వం సాగడం వల్ల తొలి నక్షత్రాల నాటి తరంగం మన దగ్గరికి చేరేసరికి 100 మెగాహెర్ట్జ్ కిందికి, ఎఫ్ఎం స్టేషన్ల పక్కకు దిగిపోతుంది. అందుకే ఊరికి దూరంగా పోవాలి. సరస్-2ను మన అనంతపురం వైపు, టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ స్థలంలో పెట్టారు. నేల మీద పెడితే ఇంకో చిక్కు: కింద మట్టి, రాయి, తేమ పొరలు పొరలుగా ఉండి తరంగాలను ఒక్కోచోట ఒక్కోలా తిప్పికొడతాయి. రేడియో తరంగాల బలాన్ని ఉష్ణోగ్రతలాగా కెల్విన్లలో చెబుతారు. వెతికే సంకేతం ఒక కెల్విన్‌లో కొంత భాగం, దాని మీద పడే మన గెలాక్సీ రొద వేల కెల్విన్లు. కాబట్టి నేల చేసే చిన్న అలజడి కూడా సంకేతంలాగే కనిపిస్తుంది. నీరైతే అడుగంతా ఒకే తీరు. అందుకని సరస్-3ను తెప్ప మీద, దండిగానహళ్ళి చెరువులోను, శరావతి వెనకజలాల్లోను తేల్చారు. 78 మెగాహెర్ట్జ్ దగ్గర తొలి నక్షత్రాల జాడ దొరికిందని 2018లో ఎడ్జెస్ అనే మరో రేడియో పరికరం బృందం ప్రకటించింది. అది ఆకాశం నుంచి వచ్చింది కాదని 2022లో సరస్-3 ఫలితాలు 95.3 శాతం నమ్మకంతో చెప్పాయి. ఇంత జాగ్రత్తగా చేసిన పని మన పక్కనే జరిగిందని బెంగళూరు తెలుగువాళ్ళలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక రాబోయే కాలం. దీనికి ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు. నక్షత్రం బరువు సూర్యుడిలో ఎంతో తీసుకుని 2.5 ఘాతానికి హెచ్చించండి. 1000 కోట్ల ఏళ్ళను ఆ వచ్చినదానితో భాగిస్తే ఆయువు వస్తుంది. సూర్యుడిలో ఐదో వంతు బరువుకి, అంటే 0.2కి, 55,900 కోట్ల ఏళ్ళు. సూర్యుడికి 56 రెట్లు. చిన్న నక్షత్రాల దగ్గర ఈ సూత్రం తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోవాలి. సూర్యుడు తన నడిమి భాగంలోని హైడ్రోజన్‌నే మండించుకుంటాడు. సూర్యుడిలో మూడో వంతుకన్నా తేలికైనవి లోపలి నుంచి పైదాకా కలియబెట్టుకుంటూ దాదాపు అంతా వాడుకుంటాయి. అందుకే అన్నిటికన్నా చిన్నవి 10 లక్షల కోట్ల ఏళ్ళ దాకా వెలుగుతాయి. ఈ ఎర్ర మరుగుజ్జులే నక్షత్రాల్లో నాలుగింట మూడొంతులు.

ఇక్కడ భౌతిక శాస్త్రవేత్త బ్రాండన్ కార్టర్ 1983లో చెప్పిన లెక్క తోడవుతుంది. జీవం పుట్టడం, ఆక్సిజన్ వదిలే కిరణజన్య సంయోగం, కేంద్రకం ఉన్న కణం, ఇలా తెలివి దాకా కొన్ని గట్టి మెట్లున్నాయనుకోండి. ఒక్కో మెట్టుకి సగటున పట్టే కాలం గ్రహం ఆయువుకన్నా చాలా ఎక్కువైతే, అన్నీ దాటే అవకాశం ఆయువుని మెట్ల సంఖ్య ఘాతానికి హెచ్చించినట్టు పెరుగుతుంది. ఇంకో చిత్రం ఏమిటంటే, దాటేసినచోట మెట్ల మధ్య దూరాలు, చివర మిగిలిన కాలం సగటున సమానంగా వస్తాయి, ఏ మెట్టు ఎంత కష్టమైనదైనా సరే. భూమికి మొత్తం దాదాపు 550 కోట్ల ఏళ్ళు, సూర్యుడి వేడి పెరిగి సముద్రాలు పోయేలోపు మిగిలినవి 100 కోట్లు. 550ని 100తో భాగించి ఒకటి తీసేస్తే 4 లేదా 5 మెట్లు. నాలుగే అనుకున్నా 56ని నాలుగో ఘాతానికి హెచ్చిస్తే 98 లక్షలు దాటుతుంది. అంటే ఎర్ర మరుగుజ్జు దగ్గరి ఒక గ్రహానికి, దాని ఆయువు అంతా కలిపి చూస్తే, మనకన్నా అన్ని రెట్లు అవకాశం. అలాంటప్పుడు మనం సూర్యుడి దగ్గర, అదీ ఇంత తొలి రోజుల్లో ఎందుకున్నాం?

ఈ చిక్కుకి ఆర్థికవేత్త రాబిన్ హాన్సన్ బృందం 2021లో ఇచ్చిన జవాబు ఇది: ముందొచ్చిన నాగరికతలు విస్తరిస్తే ఆలస్యంగా రావాల్సినవాళ్ళకు చోటుండదు, కాబట్టి ప్రశ్న అడగగలిగేవాళ్ళంతా తొందరగా వచ్చినవాళ్ళే. దాని వెనక అంకె చిన్నది. మన గెలాక్సీ అడ్డంగా లక్ష కాంతి సంవత్సరాలు. కాంతి వేగంలో పదో వంతుతో పోయినా 10 లక్షల ఏళ్ళలో దాటేయొచ్చు. నాకు ఈ తర్కం నచ్చుతుంది, కానీ మెట్ల లెక్కే కాస్త కదిలేది. పాఠ్యపుస్తకంలోని ఘట్టాలను ఏరుకుని ఒక్కోదాన్ని గట్టి మెట్టు అనడం చాలామంది చేసే పొరపాటు. గాలిలో ఆక్సిజన్ పెరగడానికి పట్టిన కాలం అదృష్టం కాదు, రాళ్ళు, సముద్రాలు తీసుకున్న కాలం. పెద్ద జంతువులు ఆ గాలి కోసం ఆగాయంతే అయితే అది లెక్కలోకి రాదు. 2025లో డేనియల్ మిల్స్, జేసన్ రైట్, ఆడమ్ ఫ్రాంక్ తదితరులు ఇలాంటి వాదనే చేశారు. మెట్లు ఒకటికి దిగితే 98 లక్షలు కాస్తా 56 అయిపోతుంది.

ఆకాశం నిశ్శబ్దంగా ఉంది కాబట్టి మనమే మొదటివాళ్ళం అనడం మాత్రం నేను ఒప్పుకోను. చెవికి అందనంత దూరంలోనివి, పలకకుండా ఉండేవి ఆ లెక్కలో లేవు.

నా దృష్టిలో అసలు తేలాల్సింది ఎర్ర మరుగుజ్జుల సంగతి. ఇవి పుట్టిన కొత్తలో కోట్ల ఏళ్ళపాటు బాగా ప్రకాశంగా ఉండి, తర్వాత అనువుగా మారబోయే గ్రహాల నీళ్ళను ముందే ఆవిరి చేసేస్తాయి. ఆపైన జ్వాలల దెబ్బ. గాలే మిగలకపోతే పొడవైన ఆయువుకి అర్థం లేదు, అప్పుడు మనం సూర్యుడి దగ్గర ఉండడంలో వింతా లేదు. దీన్ని ఇప్పుడు కొలుస్తున్నారు. 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 అనే ఎర్ర మరుగుజ్జు చుట్టూ తిరిగే బి గ్రహం పగటివైపు వేడి 500 కెల్విన్లని 2023లో జేమ్స్ వెబ్ చూపించింది. వేడిని రాత్రివైపు మోసుకుపోయే గాలి ఉంటే అది 400 దగ్గర ఉండాలి, కాబట్టి అక్కడున్నది బహుశా వట్టి రాయి. సి గ్రహం మీద శుక్రుడి లాంటి దట్టమైన గాలి లేదని అదే ఏడాది తేలింది. అనువైన దూరంలో ఉన్నది ఇ గ్రహం. అది చల్లగా ఉండడంతో ఈ వేడి పద్ధతి పనిచేయదు, నక్షత్రం ముందు నుంచి పోతున్నప్పుడు వడకట్టి వచ్చే వెలుగునే చూడాలి. ఆ వెలుగులో నక్షత్రం మచ్చలు గాలి ఆనవాళ్ళలాగే కనిపిస్తాయి. అందుకే బి, ఇ రెండూ కొద్ది గంటల తేడాతో దాటే రోజులు ఎంచుకుంటున్నారు. గాలి లేని బి చూపించేవన్నీ మచ్చలే అని పట్టి, వాటిని ఇ వర్ణపటం నుంచి తీసేస్తున్నారు.