గోడ మీద కూర్చున్నవాళ్లు

మా అబ్బాయికి పదేళ్లు. పుట్టింది బార్సిలోనాలో. బడిలో అక్కడి ప్రాంతపు భాష కాటలాన్, వీధిలో స్పానిష్. తెలుగు ఇంట్లోనే, అదీ నేను అడిగితే ఒక్క ముక్కలో జవాబు. ఈ వేసవి సెలవులకు అనంతపురం వెళ్లినప్పుడు మా నాన్న వాడి నోరు విప్పించారు.

"మీ ఊళ్లో ఫుట్‌బాల్ స్టేడియానికి ఎట్లా పోతారప్పా?"

"మెట్రోలో తాతా. అయిదో నంబరు లైను. కొల్‌బ్లాంక్ స్టేషన్లో దిగి నడవాలి. లోపల... కూర్చునే మెట్లు, చాలా పెద్దవి."

"అరుగులు" అన్నారు నాన్న.

"ఆఁ, అరుగులు! 99,354 మంది కూర్చునేవాళ్లు. మళ్లీ కడుతున్నారు కదా, ఇంకా ఎక్కువ మంది పడతారు."

ఇక వాడు ఆగలేదు. బార్సిలోనా క్లబ్బు వాళ్ల ఆ స్టేడియం కాంప్ నౌను 1957 సెప్టెంబరు 24న తెరిచారనీ, అంతకు ముందు 1922 నుంచి లెస్ కోర్ట్స్ మైదానంలో ఆడేవారనీ, కుబాలా అనే ఆటగాడి ఆట చూడటానికి జనం విరగబడి వస్తే అది చాలలేదనీ చెప్పాడు. మాట దొరకనప్పుడల్లా తాత అందించారు. వాడు నవ్వు ఆపుకోలేకపోయింది మాత్రం అంతకన్నా పాత మైదానం గురించి చెప్పేటప్పుడే. ఇండస్ట్రియా వీధిలోని ఆ చిన్న మైదానంలో చోటు చాలక జనం ప్రహరీ గోడ మీద వరసగా కూర్చునేవారట. రోడ్డున పోయేవాళ్లకు వాళ్ల పిర్రలే కనిపించేవట! కాటలాన్‌లో 'కుల్' అంటే పిర్రలు. అందుకే అభిమానులకు 'కులే' అని పేరు.

నాన్న కళ్లు మెరిశాయి. "మేమూ అంతే నాయనా, ఆర్ట్స్ కాలేజీ మైదానం గోడ మీదే కూర్చునేవాళ్లం" అన్నారు. ఇది నాకూ ఇంతవరకు చెప్పలేదు.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. స్పెయిన్ నియంత ఫ్రాంకో పాలనలో బడుల్లోనూ కార్యాలయాల్లోనూ కాటలాన్‌కు చోటు లేకుండా చేశారు. క్లబ్బు పేరును కూడా స్పానిష్‌లోకి మార్పించారు. పాత పేరు తిరిగి వచ్చేసరికి 1970లు వచ్చాయి. అన్నేళ్లూ జనం ఆ అరుగుల మీద కూర్చుని తమ భాషలో గొంతెత్తి అరిచారు. వాడికి తెలుగు నేర్పాలని నేను కథల పుస్తకాలు ముందు పెట్టాను. నాన్న వాడికి ఇష్టమైన చోటికి దారి అడిగారు. ఆ తేడా ఇన్నేళ్లూ నాకెందుకు తట్టలేదో!

మరునాడు సాయంత్రం ముగ్గురం ఆటో ఎక్కాం. ఆర్‌డీటీ అనే సేవాసంస్థను స్థాపించిన ఫాదర్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలోనే పుట్టారనీ, 1969లో అనంతపురం వచ్చి ఇక్కడే ఉండిపోయారనీ నాన్న దారిలో చెప్పారు. "అంటే ఆయన కూడా కులేనా?" అన్నాడు వీడు. నాన్న నిజంగానే ఆలోచనలో పడ్డారు.

మైదానం దగ్గర ఒక పొట్టి గోడ కనిపించింది. తాత చెయ్యి పట్టుకుని ఎక్కించి, పక్కన కూర్చుని వాడు వెనక్కి తిరిగి అరిచాడు:

"అమ్మా, నువ్వు రోడ్డు మీదికి వెళ్లు. మేము ఎలా కనిపిస్తున్నామో చూసి చెప్పు!"