రాడ్డు అంటించే ముందు

"ఆగు తమ్ముడూ, ఆపు!" అని అరిచేసరికి వెల్డర్ ఉలిక్కిపడ్డాడు. ప్రొక్లెయిన్ బకెట్‌కి పగులు వచ్చింది. దాన్ని అతకడానికి వెల్డింగ్ రాడ్డు పట్టుకుని కూర్చున్నాడు. వెల్డింగ్ కరెంటు మెషీన్‌కి తిరిగెళ్లే ఎర్త్ క్లాంప్ మాత్రం ఎక్కడో వెనక ట్రాక్ ఫ్రేముకి తగిలించి ఉంది.

అంటే ఆ కరెంటు బూమ్ (బండి పొడుగు చెయ్యి), పిన్నులు, బేరింగులు అన్నీ దాటుకుంటూ బండి మొత్తంలోంచి పోవాలి. దారిలో ఈసీఎం, అంటే ఇంజిన్‌ని కంట్రోల్ చేసే ఎలక్ట్రానిక్ బోర్డు, వైరింగ్ దొరికితే అందులోంచీ పోతుంది. 24 వోల్టుల బండి అది, ఆ బోర్డు ఎంతకని తట్టుకుంటుంది?

కీ ఆఫ్ చేశాం. బ్యాటరీ నెగెటివ్ ముందు, పాజిటివ్ తర్వాత తీశాం. ఈసీఎం కనెక్టర్లు కూడా ఊడదీయించాను. పగులుకి జానెడు దూరంలో రంగు గీకి, క్లాంప్ అక్కడ బిగించాం.

పోయినేడాది ఇదే తొందరలో ఒక బోర్డు పోగొట్టుకున్నాం. కొత్తది వచ్చేదాకా 12 రోజులు బండి కదల్లేదు. ఆపరేటర్ అన్న రోజూ వచ్చి దాని పక్కన కూర్చుని వెళ్లేవాడు. ఇవాళ నాకు ఆయన ముఖమే గుర్తొచ్చింది.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది.

సాయంత్రం అతుకు చల్లారాక అన్నీ బిగించి కీ తిప్పాం. డిస్‌ప్లే మీద ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు. అప్పటిదాకా పట్టిన టెన్షన్ అప్పుడు వదిలింది.