వరంగల్‌ల కౌన్సెలర్‌ని వెతుకుతున్నరా? బోర్డు చూసి నమ్మకుండ్రి, చదువు, రిజిస్ట్రేషన్ నంబర్ అడుగుండ్రి

హన్మకొండల నాకు మెడికల్ షాప్ ఉన్నది. రాత్రి తొమ్మిది దాటినంక కౌంటర్ కాడ జనం పల్చబడ్డంక కొందరు మెల్లగ వస్తరు. "అన్నా నిద్ర పడ్తలేదే, ఒక గోలీ ఉంటె ఇయ్యరాదు" అంటరు. చీటీ ఏదే అంటే లేదు. ఎన్ని రోజుల నుంచి అంటే నెల అంటరు, రెండు నెలలు అంటరు, ఒక్కొక్కరు ఏడాది అంటరు. ఈ మధ్య ఇంకో రకం కూడా వస్తున్నరు, ఎక్కువమంది చదువుకునే పోరగాండ్లు, కొత్తగ పెండ్లయిన ఆడపిల్లలు, వీళ్లు గోలీ అడగరు, "మనకాడ మంచి కౌన్సెలర్ ఎవరన్న ఉన్నరా అన్నా, నమ్మకమైనోళ్లు" అని అడుగుతరు. ఈ ప్రశ్న పదేండ్ల కింద ఒక్కరు కూడా అడగకపోతుండె. మస్తు సంతోషం నాకైతే. కాని కౌంటర్ కాడ నిలబడి రెండు ముక్కలల్ల చెప్పే ముచ్చట కాదిది, అందుకే కూసొని రాస్తున్న.

ముందు గోలీల సంగతి ఒడగొడ్త. ఆల్ప్రాజోలం అసొంటి నిద్ర గోలీలు హెచ్1 షెడ్యూల్ అనే మందుల లిస్టుల ఉన్నయి, 2014 నుంచి అమలైంది ఇది. డాక్టర్ చీటీ లేకుండ ఇయ్యొద్దు, ఇస్తే డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చిన్నో రిజిస్టర్‌ల రాయాలె, ఆ రిజిస్టర్ మూడేండ్లు దాయాలె. నేను ఇయ్యనంటే "ఏందన్నా ఒక్క గోలీకి గింత లొల్లి" అని కోపం చేస్కొని పోతరు. పోనీయి. ఈ మందు ఎంత తొందరగ అలవాటైతదో మన తెలంగాణోళ్లకు వేరే చెప్పాల్నా, కల్తీ కల్లుల కలిపేది గిదే కదా. 2015ల కల్లు మీద దాడులు గట్టిగ జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు కల్లు బంద్ అయినోళ్లు చేతులు వణుక్కుంట, ఫిట్సొచ్చి, ఏదేదో మాట్లాడుకుంట దవాఖాన్లకు లైన్ కట్టిన్రు. అట్ల అయినోళ్లను కౌన్సెలర్ కాడికి తీస్కపోతే లాభం లేదు, దయ్యం పట్టిందని తీస్కపోతే అసలే లాభం లేదు, సీదా దవాఖానకే పోవాలె.

ఇగ అసలు ముచ్చట. ఎవరు ఏంది అన్నదే చాలామందికి తెల్వదు, అన్నిటికి "సైకాలజీ డాక్టర్" అంటరు.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, దాని మీద సైకియాట్రీల ఎండీ గాని డీఎన్‌బీ గాని డీపీఎం గాని చేసినోళ్లు. మందులు రాసేది వీళ్లే. వీళ్లకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటది, అది చీటీ మీద వేయాల్నని రూలు. నేను రోజూ చీటీలు చూసేటోన్ని కాబట్టి చెప్తున్న, డిగ్రీల పేర్లు రెండు లైన్లు పొడుగు ఉండి కింద నంబర్ లేదంటే నాకు అనుమానమే.

క్లినికల్ సైకాలజిస్ట్ అంటే మందులు రాయరు, మాటలతోని చేసే వైద్యం, దాన్నే థెరపీ అంటరు, ఇంకా టెస్టులు, ఐక్యూ అసెస్‌మెంట్ అవన్ని చేస్తరు. వీళ్లకు ఢిల్లీల రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అని ఉన్నది, ఆర్‌సీఐ అంటరు, 1992 చట్టంతోని వచ్చింది, దాంట్ల రిజిస్టర్ కావాలె. ఉత్త ఎమ్మే సైకాలజీ సరిపోదు, దాని మీద ఆర్‌సీఐ ఒప్పుకున్న కాలేజీల క్లినికల్ ట్రైనింగ్ చెయ్యాలె, ఇప్పుడున్నోళ్లల్ల ఎక్కువమంది రెండేండ్ల ఎంఫిల్ చేసినోళ్లే. రిజిస్టర్ అయినోళ్లకు సీఆర్ఆర్ నంబర్ అని ఇస్తరు, ఇంగ్లీష్ అక్షరం 'ఏ'తోని మొదలైతది. ఆర్‌సీఐ సైట్‌ల పేరు గాని నంబర్ గాని కొట్టి చూస్కోవచ్చు, ఫోన్‌ల రెండు నిమిషాల పని. మన దేశంల థెరపిస్ట్‌కు లైసెన్స్ అని గట్టిగ చెప్పుకునేది ఏదన్న ఉంటే గిదే.

మరి కౌన్సెలర్? ఈడనే వచ్చింది చిక్కు. అమెరికాల ఉన్న మన చుట్టాలు ఫోన్ చేసి "లైసెన్స్‌డ్ కౌన్సెలర్ కాడికి తీస్కపోండ్రి" అని చెప్తరు, వాళ్లకాడ ప్రతి స్టేట్‌కు ఒక లైసెన్స్ బోర్డు ఉంటది కాబట్టి వాళ్లకు అది మామూలు మాట. మనకాడ కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోనికి డాక్టర్లకు ఉన్నట్టు లైసెన్స్ పద్ధతి ఇంకా మొదలై నడుస్తలేదు. 2021ల అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం ఒకటి తెచ్చిన్రు, కౌన్సెలర్లను, మామూలు సైకాలజిస్టులను కూడా దాంట్ల చేర్చిన్రు, కాని కాయితం మీద ఉన్నదానికి మన గల్లీల ఉన్నదానికి ఇంకా దూరమే. దాని అర్థం కౌన్సెలర్లందరు మోసగాళ్లని కాదు. ఎమ్మే, ఎమ్మెస్సీ సైకాలజీ మంచిగ చదివి, పెద్దోళ్ల కింద ట్రైనింగ్ అయి, ఓపికగ పనిచేసేటోళ్లు ఉన్నరు. భార్యాభర్తల పంచాదులు, పరీక్షల టెన్షన్, ఉద్యోగం పోయిన బాధ, ఇసొంటి వాటికి వాళ్లు బరాబర్ పనికొస్తరు. కాని చెక్ చేసే పని మీ మీదనే పడ్తది, అంతే.

ఎట్ల చెక్ చెయ్యాలె అంటే మొహమాటం పక్కకు పెట్టి అడుగుడే. ఏం చదివిన్రు, ఎక్కడ చదివిన్రు, ఎవరి కింద ట్రైనింగ్ చేసిన్రు, నా అసొంటి సమస్యతోని వచ్చినోళ్లను చూసిన్రా, మీతోని కాకుంటే ఏ సైకియాట్రిస్ట్ కాడికి పంపుతరు. మంచోళ్లు ఈ ప్రశ్నలకు కోపం చేసుకోరు. మనోళ్లు పత్తి విత్తనాలు కొన్నప్పుడు ప్యాకెట్ తిప్పి తిప్పి లాట్ నంబర్, డేట్ చూస్తరు, బిల్లు అడిగి తీస్కుంటరు, మనసు అప్పజెప్పేకాడ మాత్రం సార్ ఏమనుకుంటడో అని నోరు మూస్తరు.

నేనైతే కొన్ని చూస్తే ఆడికెల్లే లేచి వచ్చేస్త. పీహెచ్‌డీ లేదు, ఎంబీబీఎస్ లేదు, పేరు ముందట డాక్టర్ అని ఉంటది. నూటికి నూరు గ్యారంటీ అని ఆటో ఎనక ఫోన్ నంబర్ ఉంటది. ఫస్ట్ రోజే ప్యాకేజీ మొత్తం కట్టుమంటరు. డాక్టర్ రాసిన మందులు బంద్ చెయ్యి, నేను మాటలతోనే తగ్గిస్త అంటరు, ఇది అన్నిట్లకెల్లి డేంజర్. ఇంకో బ్యాచ్ ఉన్నది, ఇంటర్ కాలేజీలల్ల మోటివేషన్ క్లాసులు చెప్పేటోళ్లు, మైక్ పట్టుకుంటే పిల్లలు చప్పట్లు కొడ్తరు, మంచిగనే మాట్లాడ్తరు, కాని క్లాస్ అయినంక అదే సార్ పక్క రూమ్‌ల పర్సనల్ కౌన్సెలింగ్ అంటడు. మైక్ పట్టుకునుడు వేరు, ఏడుస్తున్న పిల్ల ముందట చప్పుడు చెయ్యకుండ కూసొని వినుడు వేరు.

మనకాడ ఎక్కడికి పోవాలె? నా లెక్కల మొదలు ఎంజీఎం. కాకతీయ మెడికల్ కాలేజీ దవాఖాన కాబట్టి మానసిక వైద్య విభాగం ఉన్నది, పైసలు పెట్టుకోలేనోళ్లకు అదే పెద్ద దిక్కు. పొద్దుగల్ల పోయి ఓపీ చీటీ తీస్కోవాలె, లైన్ ఉంటది, డాక్టర్ దగ్గర గంట సేపు మాట్లాడే టైమ్ దొరకదు, అది ముందే తెలిసి పోతే పరేషాన్ కారు. రాసిన కాయితం ఒకటి పట్టుకపోండ్రి, ఎప్పటి సంది, నిద్ర ఎట్ల ఉన్నది, తిండి ఎట్ల ఉన్నది, ఇప్పుడు ఏ మందులు మింగుతున్నరు అని. థైరాయిడ్ తక్కువున్నా, బీ12 తక్కువున్నా మనిషి అచ్చం డిప్రెషన్ తీరుగనే నీరసంగ, ఏ పని మీద మనసు లేకుండ అయితడు, అందుకే డాక్టర్ రక్తపరీక్షలు రాస్తే "మనసు బాలేదంటే రక్తం తీస్తరేంది" అని అనుకోకుండ్రి.

హన్మకొండల ప్రైవేట్ సైకియాట్రిస్టులు ఉన్నరు. కొరత ఉన్నది థెరపీ చేసేటోళ్లకే. వారం వారం ఒక నలభై అయిదు, యాభై నిమిషాలు కూసొని మాట్లాడే క్లినికల్ సైకాలజిస్టులు మనకాడ తక్కువ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు ఇంకా తక్కువ. అందుకే సైకియాట్రిస్ట్‌నే అడుగుండ్రి, మీరు ఎవరి కాడికి పంపుతరు సార్ అని. వాళ్లకు తెలుస్తది ఎవరు మంచిగ చేస్తరో. లేకుంటే హైదరాబాద్ పోవాలె, కాజీపేటల పొద్దున రైలెక్కి పోయి సాయంత్రం వచ్చుడు, ఒక్కసారంటే పోతరు, వారం వారం ఎవరు పోతరు? సెషన్‌కు వెయ్యి, పదిహేను వందలు, ఇంకా పైన తీస్కునేటోళ్లు ఉన్నరు, దానికి తోడు ఒక రోజు కూలి గాని జీతం గాని పోతది. మొదటిసారి ఎదురుంగ కూసొని మాట్లాడి, తర్వాత వీడియో కాల్‌ల కంటిన్యూ చేసేటోళ్లను నేను చూసిన, మంచిగనే నడుస్తుంది. కాని ఇంట్ల ఒక రూమ్ తలుపు పెట్టుకొని యాభై నిమిషాలు మాట్లాడే వీలు ఎంతమందికి ఉన్నది చెప్పుండ్రి. ఒకామె స్కూటీ ఏస్కొని వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి పోయి ఇయర్‌ఫోన్ పెట్టుకొని మాట్లాడ్తదంట. తెలివైంది.

భాష గురించి కూడా అడుగుండ్రి. ఆన్‌లైన్ యాప్‌లల్ల తెలుగు అని రాసి ఉంటది, తీరా చూస్తే సగం ఇంగ్లీష్. "నాకు పానం మంచిగ లేదు, గుండెల దడ దడ అంటది, ఎవరితోని మాట్లాడబుద్ధి కాదు" అని మనం మన తీరుగ చెప్తే అవతలోళ్లకు అర్థం కావాలె కదా. అర్థం కాకపోతే వేరేటోళ్లను చూస్కోవచ్చు, రెండు మూడు సార్లు పోయినా మనసు కుదరకుంటే మార్చుడు తప్పేం కాదు.

మా దూరపు చుట్టాలల్ల ఒక కోడలు ఉన్నది, కాన్పయిన నెలకు పిల్లను ఎత్తుకోబుద్ధి కాక గోడ దిక్కు తిరిగి పండుకునేది. గాలి సోకిందన్నరు, తాయెత్తు కట్టిన్రు, ఐనోలు మల్లన్నకు మొక్కిన్రు. ఊర్ల ఆర్ఎంపీ బలం సూదులు ఏసిండు. ఆఖరికి కాన్పు చేసిన డాక్టరమ్మనే గుర్తుపట్టి సైకియాట్రిస్ట్ కాడికి పంపింది, కాన్పు తర్వాత చాలామందికి వచ్చే డిప్రెషనే అది. అత్త మాత్రం ఇప్పటికి మల్లన్న దయ అంటది, నేను కాదనలే, మొక్కు చెల్లించుకొని గోలీ కూడా టైమ్‌కు మింగితే మల్లన్నకేం అభ్యంతరం ఉంటది. మందు మొదలైన రెండు మూడు వారాల దాక ఫరక్ కనబడకపోవచ్చు, అది ముందుగల్ల ఆమె భర్తకు గట్టిగ చెప్పాల్సొచ్చింది, నాలుగో రోజే "అన్నా పని చేస్తలేదు, బంద్ చెయ్యాల్నా" అని ఫోన్ చేసిండు.

ఎవరన్న చూస్తరేమో అనే భయం నాకు తెలుసు. ఏ క్లినిక్ ముందట బండి ఆపినా తెలిసినోళ్లు ఒకరు కనబడ్తరు, ఊరు అసొంటిది. హైదరాబాద్‌ల ఎర్రగడ్డ మానసిక దవాఖాన పేరు చెప్పి ఎక్కిరిచ్చేటోళ్లు కూడా ఇంకా ఉన్నరు. కాని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగ పెట్టాలె, మీరు ఒప్పుకోకుండ ఊరికెనే చుట్టాలకు చెప్పొద్దు. మీ పానానికో ఇంకొకరి పానానికో ముప్పు ఉన్నదంటే మాత్రం చెప్పొచ్చు. ఏది ఎవరికి చెప్తరో మొదటి రోజే అడుగుండ్రి. ఆ చట్టంలనే 115 సెక్షన్ ఉన్నది, పానం తీస్కోబోయినోళ్లను కేసులని సతాయించొద్దని, వాళ్లు తీవ్రమైన ఒత్తిడిల ఉన్నరనే అనుకోవాలని, చికిత్స ఇప్పించుడు సర్కారు బాధ్యతని. పోలీసులకు భయపడి దవాఖానకు తీస్కపోకుండ ఇంట్లనే దాచిపెట్టేటోళ్ల కోసం ఇది రాస్తున్న.

ఎటు పోవాల్నో తెల్వని రాత్రి ఒంటిగంటకు 14416 కొట్టుండ్రి. టెలి మానస్ అంటరు, కేంద్ర సర్కారుది, 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఇరవై నాలుగు గంటలు, ఫ్రీ, తెలుగుల మాట్లాడ్తరు. లైసెన్స్ వెతుకుడు, ఫీజు, లైన్, ఏది ఉండదు, పేరు చెప్పబుద్ధి కాకుంటే ఆ మాటే చెప్పొచ్చు. ఇంట్ల కొట్లాటలు, కట్నం సతాయింపులు ఉన్న ఆడోళ్లకు 181, సర్కారు సఖి సెంటర్లల్ల కౌన్సెలింగ్ పైసలు లేకుండనే దొరుకుతది. పిల్లల సంగతైతే 1098. పానం మీదికొచ్చిందంటే మాత్రం ఏ కౌన్సెలర్ కోసం వెతకకుండ్రి, 108.

ఆఖరికి ఇన్సూరెన్స్. శరీరానికి వచ్చిన రోగాన్ని ఎట్ల కవర్ చేస్తరో మనసుకు వచ్చినదాన్ని కూడా అట్లనే కవర్ చెయ్యాలని అదే 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 21వ సెక్షన్‌ల ఉన్నది, 2018ల ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే ఐఆర్‌డీఏఐ కూడా కంపెనీలకు చెప్పింది. కాని మన పాలసీలు ఎక్కువ అడ్మిట్ అయితేనే ఇచ్చేటివి, వారం వారం పోయే థెరపీ ఓపీ కింద వస్తది, ఓపీ కవర్ ఉన్న పాలసీ అయితేనే పైసలొస్తయి. ఏజెంట్‌ను ఫోన్ల అడిగితే "అయితది సార్, అన్నీ అయితయి" అంటడు, అందుకే ఈమెయిల్ పెట్టి అడుగుండ్రి, రాతల జవాబు తీస్కోండ్రి, థెరపిస్ట్ కాడ రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న బిల్లు ప్రతిసారి ఇప్పిచ్చుకోండ్రి.