పాత బోటు ఇంజన్‌కు డిస్ట్రిబ్యూటర్ విడిభాగాలు సంపాదించిన నా అనుభవం

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, లేక్ లానియర్ సరస్సులో మేము నడుపుకునే బోటు 1985 నాటిది. అందులో ఉన్నది మెర్‌క్రూజర్ 140, అంటే జనరల్ మోటార్స్ వారి 181 క్యూబిక్ అంగుళాల నాలుగు సిలిండర్ల ఇంజన్‌ను బోటుకు తగినట్టు మార్చి తయారు చేసినది. పోయిన వేసవి చివర్లో అది స్పీడు అందుకునేటప్పుడు మిస్సింగ్ మొదలైంది. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, పెట్రోల్ ఫిల్టర్ మార్చినా తేడా కనిపించకపోవడంతో డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో సిలిండర్‌కు వరుసగా స్పార్క్ పంచే భాగం) క్యాప్ విప్పి చూశాను.

క్యాప్ లోపలి గోడ మీద రెండు ఇత్తడి టెర్మినళ్ల మధ్య వెంట్రుకంత సన్నని నల్లటి గీత ఉంది. తేమ చేరిన క్యాప్‌లో స్పార్క్ తన దారి తప్పి పక్క టెర్మినల్‌కు దూకినప్పుడు మిగిల్చే కాలిన జాడ అది. క్యాప్ కింద తిరుగుతూ స్పార్క్‌ను అందించే రోటర్‌ను వేళ్లతో మెలితిప్పి వదిలితే స్ప్రింగ్ బలానికి చటుక్కున వెనక్కి రావాలి. ఇక్కడ బద్ధకంగా, సగం దూరమే వచ్చింది. స్పీడు పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుగా పడేలా జరిపే లోపలి అడ్వాన్స్ వెయిట్లు తుప్పుకు బిగుసుకున్నాయన్నమాట. షాఫ్టును పక్కకు ఊపితే కదిలింది, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే పాయింట్ల (తెరుచుకుని మూసుకుంటూ స్పార్క్ పుట్టించే కాంటాక్టుల) గ్యాప్ క్యామ్ ఒక్కో మూల దగ్గర ఒక్కో రకంగా వచ్చింది. షాఫ్టును పట్టి ఉంచే బుష్‌లు అరిగిన డిస్ట్రిబ్యూటర్‌లో ఎంత మంచి పాయింట్లు వేసినా నాలుగు సిలిండర్లకూ టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, ఒకేలా కుదరదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కార్ల విడిభాగాల దుకాణంలో చూడడానికి అచ్చం ఇలాంటి డిస్ట్రిబ్యూటరే చాలా తక్కువ ధరకు దొరుకుతుంది, దాన్ని బిగించుకోమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. కారు ఇంజన్ కింద గాలి ఆడుతుంది, కానీ బోటులో ఇంజన్ ఉండేది మూసిన పెట్టె లాంటి చోట. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువైనది కనుక అది అడుగున బిల్జ్‌లో పేరుకుంటుంది. ఇంజన్ స్టార్ట్ చేసే ముందు 4 నిమిషాలు బ్లోయర్ (ఆ ఆవిరిని బయటికి తోలే ఫ్యాను) నడపమని బోటు మీద హెచ్చరిక అంటించేది ఇందుకే. డిస్ట్రిబ్యూటర్ లోపల నిరంతరం స్పార్క్ దూకుతూనే ఉంటుంది. బోటుకోసం చేసినదైతే లోపల ఆవిరి అంటుకున్నా మంట బయటికి రాకుండా గాలి రంధ్రాలకు సన్నని జాలీ వంటి అడ్డు ఉంటుంది. పెట్రోల్ ఇంజన్ ఉన్న చోట విద్యుత్ పరికరాలకు ఈ రక్షణ ఉండాలని అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన కూడా ఉంది. మిగిలిన డబ్బు కోసం ఇంటిల్లిపాదినీ నిప్పు మీద కూర్చోబెట్టుకోలేము కదా.

విడిభాగాల వేటలో అసలు చిక్కు ధర కాదు, గుర్తింపు. బోటు దుకాణంలో కౌంటర్ దగ్గరున్న పెద్దాయన ఇంజన్ సంవత్సరం అడిగి లోపలికెళ్లి ఒక క్యాప్ తెచ్చారు. నా పాత క్యాప్‌ను వెంట తీసుకెళ్లాను కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాం: ఎత్తు వేరు, బిగించే పద్ధతీ వేరు. ఈ శ్రేణి ఇంజన్లలో డెల్కో రెమీ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ ఉన్నవీ ఉన్నాయి, మాలరీ కంపెనీది ఉన్నవీ ఉన్నాయి. పైగా నలభై ఏళ్ల ఇంజన్‌కు మధ్యలో ఎవరు ఏది మార్చారో చెప్పలేం. అందుచేత సంవత్సరాన్ని నమ్మకుండా డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీదున్న నంబరునే ఆధారం చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఆ నంబరు ఉన్న రేకు మీద నల్ల పెయింటు మందంగా పట్టి ఉంది. పాత టూత్‌బ్రష్‌తో, థిన్నర్‌తో మెల్లగా రుద్దితే ముందు 'వై', 'ఎల్' అక్షరాలు తేలాయి, తర్వాత అంకెలు. అది మాలరీది. దానికి ఇంజన్ సీరియల్ నంబరు కూడా జతచేసి అడిగితే క్యాప్, రోటర్, పాయింట్లు, కండెన్సర్ నాలుగూ బోటు రకానివే దొరికాయి.

దొరకనివి బుష్‌లు, అడ్వాన్స్ స్ప్రింగులు. వీటిని విడిగా అమ్మేవారు నాకు కనిపించలేదు. పాత బోట్లు విడగొట్టి అమ్మే యార్డులో చూస్తే వి6, వి8 ఇంజన్లవే ఎక్కువ. క్యామ్ మూలల సంఖ్య వేరు కాబట్టి అవి మనకు పనికిరావు. చివరికి డిస్ట్రిబ్యూటర్‌నే విప్పి, పాత స్టార్టర్లు, ఆల్టర్నేటర్లు బాగుచేసే ఒక చిన్న షాపుకు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ షాఫ్టును కొలిచి దానికి సరిపడా కంచు బుష్‌లు లేత్ మీద తీసి ఎక్కించారు. స్ప్రింగులు సాగలేదని తేలింది, తుప్పు వదిలించి వెయిట్ల పిన్నులకు తగుమాత్రం గ్రీజు పెడితే చాలింది. పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ కిట్ వేసుకోవచ్చు కదా అని అడిగారు. బోట్లకు తగిన కిట్లు ఉన్నమాట నిజమే, కానీ నీళ్ల మధ్య అది ఆగిపోతే చేతిలో ఉపాయం ఉండదు. పాయింట్లయితే గీకి, గ్యాప్ సరిచేసి ఒడ్డుకు చేరవచ్చు. అందుకని పాయింట్లే ఉంచాను.

విప్పేటప్పుడు ఒకటో సిలిండర్ స్పార్క్ స్థానంలో రోటర్ ఎటు చూస్తోందో ఫోటో తీసుకోవడం మరవకూడదు. గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి కనుక పైకి లాగుతుంటే రోటర్ తిరుగుతుంది, తిరిగి దింపేటప్పుడు అంత మేరకు వెనక్కి పెట్టి దింపాలి. అడుగున ఆయిల్ పంపు నడిపే గాడి కూడా కలవాలి. పూర్తిగా కూర్చోలేదని క్లాంప్ బోల్టుతో బలవంతంగా దించితే ఏదో ఒకటి విరుగుతుంది.

ప్లగ్ వైర్లు 1-3-4-2 వరుసలో పెట్టి, టైమింగ్ లైట్‌తో మాన్యువల్ ప్రకారం సెట్ చేశాను. యాక్సిలరేటర్ తోస్తుంటే పుల్లీ మీది గీత ఆగకుండా ముందుకు జరిగింది, వదలగానే మొదటి చోటికి తిరిగి వచ్చింది. మిస్సింగ్ పోయింది. పాత రోటర్ బాగానే ఉంది కాబట్టి, దాన్నీ ఒక అదనపు పాయింట్ల సెట్‌నూ జిప్ కవరులో పెట్టి బోటు టూల్‌బాక్స్‌లో ఉంచాను.